పైరుకూ కలుపుకూ మధ్య పోటీని కొలవబోయే వారికి

చిరంజీవికి ఆశీస్సులు.

పైరుకూ కలుపుకూ మధ్య జరిగే పోటీ మీద ప్రయోగం పెట్టబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. నీవు పంపిన ప్రణాళికను శ్రద్ధగా చదివాను. మడుల కొలతలు, కోత తేదీలు బాగానే ఉన్నాయి గాని, పోటీ ఉన్నదని ముందే నమ్మి పని మొదలుపెట్టినట్టు నాకు తోచింది. రెండు మొక్కలు పక్కపక్కనే పెరుగుతూ ఒకటి ఏపుగా, మరొకటి గిడసబారి ఉన్నంత మాత్రాన అది పోటీ వల్లనే అనడానికి వీల్లేదు. గిడసబారిన మొక్కకు వేరుకుళ్లు సోకి ఉండవచ్చు, ఆ చోట నీరు నిలిచి ఉండవచ్చు, లేదా అది ఆలస్యంగా మొలిచి ఉండవచ్చు. ఏదో ఒక వనరు రెండింటికీ చాలడం లేదనీ, ఒకటి వాడుకోవడం వల్ల రెండోదానికి తగ్గిందనీ, ఆ తగ్గుదల వల్ల దాని ఎదుగుదలో విత్తనమో దెబ్బతిన్నదనీ చూపగలిగినప్పుడే పోటీ అనే మాట వాడు.

అలా చూపడానికి అన్నిటికంటే నమ్మదగిన దారి ఒకదాన్ని తొలగించి రెండోది ఏమవుతుందో గమనించడం. జీవావరణ శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ 1961లో ప్రచురించిన పరిశోధనను ఈ దృష్టితో చదువు. స్కాట్లండ్ తీరంలో రాళ్లకు అతుక్కుని బతికే బార్నకిల్ జీవులలో థమాలస్ రాతి పైభాగంలోనూ, బలానస్ కిందిభాగంలోనూ కనిపించేవి. ఆయన బలానస్‌ను తొలగించిన చోట్ల థమాలస్ కిందిభాగంలో కూడా చక్కగా బతికింది. తొలగించని చోట్ల బలానస్ దాని మీదికి పెరిగి, అడుగు నుంచి పెకలించి చంపింది. అయితే పైభాగంలోకి బలానస్ ఎగబాకలేకపోవడానికి పోటీ కారణం కాదు. అలలు అందని ఆ ఎత్తులో అది ఎండకు ఎండిపోతుంది. ఒకే రాతి మీద ఒక జాతి కింది హద్దును పోటీ, మరో జాతి పై హద్దును వాతావరణం నిర్ణయించాయని తొలగించి చూడకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

నీ ప్రణాళికలో కలుపు లేని మడి, కలుపు వదిలిన మడి ఉన్నాయి గాని, పైరు లేకుండా కలుపు ఒక్కటే పెరిగే మడి లేదు. అది తప్పక చేర్చు. పైరు వల్ల కలుపు ఎంత తగ్గిందో తెలియకపోతే నీకు సగం కథే దొరుకుతుంది. పైరే కలుపును అణచగలదా అన్న ప్రశ్న రైతుకు చాలా విలువైనది.

ఇక ఏ వనరు కోసం పోటీ, ఎప్పటి నుంచి పోటీ అనే విషయాల మీద నీ సమయంలో ఎక్కువ భాగం పెట్టు. వరిలో ఊద గడ్డిని తీసుకో. ఎండతో ఆహారం తయారుచేసుకునే తీరును బట్టి వరి సి3 రకం మొక్క, ఊద సి4 రకం మొక్క. వేడిలోనూ తీవ్రమైన వెలుతురులోనూ సి4 తీరే మెరుగ్గా పనిచేస్తుంది. అందువల్ల తీవ్రమైన ఎండలోనూ వేడిలోనూ ఊదకు సహజంగానే పైచేయి ఉంటుంది. లేత దశలో రెండూ ఒకేలా ఉంటాయి కనుక లెక్కపెట్టేవారు పొరబడతారు. ఆకు కాండాన్ని చుట్టుకున్న తొడుగు నుంచి విడివడే చోటును వేలితో వంచి చూడు. వరికి అక్కడ పల్చటి పొర నిలబడి ఉంటుంది, ఊదకు ఉండదు. లెక్కించే ప్రతి ఒక్కరికీ ముందుగా ఈ తేడాను చూపించి, ఆ తర్వాతే మడిలోకి దించు.

వెలుతురు విషయంలో మరో మాట. పొరుగు మొక్క నీడ పడకముందే ఎదుగుదల మారడం మొదలవుతుంది. పచ్చని ఆకులు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి దాదాపు కనిపించని సుదూర ఎరుపు కాంతిని వెనక్కి చిమ్ముతాయి. ఆ నిష్పత్తిలోని మార్పును మొక్కలో కాంతిని గుర్తించే ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ పసిగట్టి, కాండాన్ని పొడవుగా సాగదీస్తుంది. కాబట్టి నీడ కనిపించే రోజు కోసం కాచుకుని కొలతలు మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మొలక రోజు నుంచే ఎత్తు, ఆకుల సంఖ్య రాసుకో. ఎన్ని కలుపు మొక్కలు ఉన్నాయన్నదాని కంటే, అవి పైరుకు ముందు మొలిచాయా తర్వాత మొలిచాయా అన్నదే చాలాసార్లు నష్టాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. కలుపు ఉంటే దిగుబడి ఎక్కువగా దెబ్బతినే కీలక దశను పట్టుకోవడానికి రెండు వరుసల మడులు కావాలి. ఒక వరుసలో కలుపును వేర్వేరు రోజుల వరకు పెరగనిచ్చి తీసేయాలి. మరో వరుసలో వేర్వేరు రోజుల వరకు కలుపు లేకుండా ఉంచి, ఆ తర్వాత వదిలేయాలి.

మొక్కల సాంద్రత గురించి కూడా ముందే నిశ్చయించుకో. డచ్ శాస్త్రవేత్త డి విట్ 1960లో వివరించిన పద్ధతిలో మొత్తం మొక్కల సంఖ్యను స్థిరంగా ఉంచి, రెండు జాతుల వాటాలను మారుస్తారు. ఏ జాతి ఏ జాతిని మించుతుందో తెలుసుకోవడానికి అది మంచిది. కానీ రైతు పొలంలో పైరు సంఖ్య మారదు, దాని మీద కలుపు అదనంగా వచ్చి చేరుతుంది. దిగుబడి నష్టం నీ ప్రశ్న అయితే పైరును స్థిరంగా ఉంచి కలుపును పెంచుకుంటూ పో. కుండీలలో మాత్రం ఈ పని చేయవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే ఇరుకు మట్టిలో వేళ్ల మధ్య పోటీ పొలంలో కంటే అతిగా కనిపిస్తుంది.

ఫలితాలు చేతికి వచ్చాక తొందరపడకు. వయ్యారిభామ కలుపు పక్కన పైరు తగ్గితే అది నీటి కోసం పోటీ కావచ్చు, ఆ కలుపు విడుదల చేసే పార్థెనిన్ వంటి రసాయనాల ప్రభావమూ కావచ్చు. ఆ రెండింటినీ విడదీసే ఏర్పాటు లేకుండా ఏదో ఒకదాని పేరు రాయడం తప్పు. బ్రిటన్‌లో 1876 నుంచి తెచ్చి వదిలిన బూడిద రంగు ఉడుతల వల్ల ఎర్ర ఉడుతలు తగ్గిపోవడాన్ని ఆహారం కోసం పోటీగానే చూసేవారు. బూడిద ఉడుతలు తాము పెద్దగా జబ్బుపడకుండా మోసే స్క్విరల్‌పాక్స్ వైరస్ ఎర్ర ఉడుతలను చంపుతుందని తర్వాత తేలింది. ఆహారపు పోటీ అబద్ధం కాలేదు, కానీ అది ఒక్కటే కారణం కాదు.

పోటీని నష్టంగానే చూడకుండా, అంతర పంటల మడులు కూడా కొన్ని పెట్టు. కంది మొదట్లో నెమ్మదిగా పెరుగుతుంది, జొన్న త్వరగా పెరిగి ముందుగా కోతకు వస్తుంది. జొన్న తీసేశాక కంది లోతైన వేళ్లతో మిగిలిన తేమను వాడుకుంటుంది. ఒక జాతి మొక్కలు పొరుగు జాతిని అణచడం కంటే తమలో తాము ఎక్కువగా అణచుకునేటప్పుడే రెండూ కలిసి మనగలవు. లెక్క వేసేటప్పుడు ఒక్కో పంట అంతర పంటగా ఇచ్చిన దిగుబడిని అదే పంట ఏకపంటగా ఇచ్చిన దిగుబడితో భాగించి, రెండు భాగఫలాలను కలుపు. 0.6, 0.7 వచ్చి మొత్తం 1.3 అయితే, అదే పంటను విడివిడిగా తీయడానికి 1.3 రెట్ల నేల కావాలని అర్థం. ఏకపంట మడులను దానికి తగిన ఉత్తమ సాంద్రతలోనే వేయాలి. వాటిని బలహీనంగా పెంచితే అంతర పంట అకారణంగా గొప్పగా కనిపిస్తుంది.

కోసిన ప్రతి నమూనానూ జాతుల వారీగా వేరుచేసి, 70 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టి తూకం వేయి. కలుపు విత్తనాలను కూడా లెక్కించు, వచ్చే ఏటి పోటీ వాటిలోనే ఉంటుంది. మడుల పటాన్ని ఈ మార్పులతో సరిచేసి, విత్తనం వేయక ముందే నాకు పంపు. చూసి వెంటనే రాస్తాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న