అహోబిలం అడవికి వస్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో నువ్వూ నీ స్నేహితులూ అహోబిలం వస్తున్నారని, ఒకరోజు పావన నరసింహస్వామి గుడి దాకా నడిచి, మరుసటి రోజు ఉగ్రస్తంభం కొండ ఎక్కుతారని అక్క చెప్పింది. చాలా సంతోషం. 2022లో జిల్లాలు విడదీశాక అహోబిలం నంద్యాల జిల్లా కింద చేరినా, నా నోటికి ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది. ఎలుగుబంటి కనిపిస్తే ఏం చేయాలో ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నానన్నావట. ఆ మాట వినే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ వీడియోల్లోది అమెరికా నల్ల ఎలుగు. చేతులెత్తి పెద్దగా కనిపించు, గట్టిగా కేకలేయి, మీద పడితే తిరగబడి కొట్టు అని చెప్తారు. దానికి ఆ సలహా సరైనదే. బెదిరితే చాలాసార్లు చెట్టెక్కి తప్పించుకునే జంతువది. మన నల్లమల ఎలుగుగొడ్డు కూడా నల్లగానే ఉంటుంది గానీ జాతి వేరు, తీరు వేరు. తరతరాలుగా పులి తిరిగే అడవిలో బతికింది. మనిషి దగ్గర్లో హఠాత్తుగా ఎదురైతే పారిపోదు, మీదికి వస్తుంది. వస్తే తల, ముఖం మీదే దెబ్బ వేస్తుంది. గోళ్లు మన వేలంత పొడుగు. పులి కంటే దీనికే ఎక్కువ భయపడాలని చెంచు పెద్దలు చెప్పగా విన్నాను.

అట్లని మనిషి కోసం వెతుక్కుంటూ రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదల్ని పీలుస్తుంది. ముందు ఉఫ్‌మని మట్టి ఊదేసి, తర్వాత జుర్రుమని లాగుతుంది. ఆ చప్పుడు వంద గజాల దూరం వినిపిస్తుంది. ఆ పనిలో మునిగినప్పుడు మన అడుగుల చప్పుడు దాని చెవిన పడదు. చూపు కూడా మందం. నమ్ముకున్నది ముక్కునే. గాలి దాని వైపు నుంచి మీ వైపు వీస్తుంటే మీ వాసన కూడా దానికి అందదు. అందుకే నువ్వు వస్తున్న సంగతి దానికి ముందే తెలియాలి. నేను చెప్పేదంతా దీని కోసమే.

అందరూ కలిసి నడవండి, గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. గోవిందా అని కేకలేయండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఎగువ అహోబిలంలో చేతికర్రలు అమ్ముతారు, తలా ఒకటి కొనుక్కుని రాళ్ల మీద తాటిస్తూ పోండి. మలుపుల దగ్గర, గుబురు పొదల దగ్గర గొంతు ఇంకాస్త పెంచండి. ముఖ్యంగా భవనాశిని వాగు పక్కన నడిచేటప్పుడు. నీళ్ల హోరులో మీ మాటలు కలిసిపోతాయి. అక్కడ జంతువూ మీరూ ఒక్కసారిగా ఎదురుపడితే కష్టం. కుక్క వెంటపడితే వెనక్కి తరిమేయండి. అది ఎలుగును రెచ్చగొట్టి, తిరిగి మీ కాళ్ల దగ్గరికే వచ్చి దూరుతుంది.

తెల్లారి బాగా వెలుతురొచ్చాకే బయల్దేరండి, సాయంత్రం నాలుగు లోపల ఊళ్లో ఉండండి. పావనకు జీపులు కూడా పోతాయి, మీలో ఎవరికైనా కాళ్లు నొప్పి పుడితే మొహమాటపడకుండా జీపు ఎక్కండి, పొద్దుగూకాక నడక మాత్రం వద్దు. దారి తెలిసిన స్థానికుణ్ణి ఒకరిని తోడు పెట్టుకోండి. ఫోన్ సిగ్నల్ లోపల చాలాచోట్ల అందదు.

ఈ కాలంలో ఇంకో సంగతి. డిసెంబరు, జనవరిలో ఆడ ఎలుగులు రాతిగుహల్లో పిల్లలు పెడతాయి. కాబట్టి ఫోటో బాగుంటుందని ఏ గుహలోకీ తొంగి చూడవద్దు. రేగుపండ్లు కూడా ఇప్పుడే. దారిలో రేగుగింజలు నిండిన పెంట కనిపించినా, తవ్విన పుట్ట కనిపించినా ఆగి చూడు. తవ్విన మట్టి ఇంకా తడిగా ఉండి, చెదలు గాబరాగా తిరుగుతుంటే అది ఇప్పుడే పోయిందన్నమాట. వచ్చిన దారినే వెనక్కి రండి. వెనక కాలి గుర్తు అచ్చం మనిషి పాదంలా ఉంటుంది, చెప్పుల్లేకుండా నడిచిన భక్తులదని పొరబడతావు. ముందు కాలి గుర్తులో వేళ్లకు ఎడంగా గోళ్ల గాట్లు ఉంటాయి, దాన్ని బట్టి పోల్చుకో.

దూరంగా కనిపిస్తే వీడియో తీయకు, రాయి విసరకు, పరిగెత్తకు. దాని మీద చూపు ఉంచి, మెల్లగా వెనక్కి అడుగులు వేయి. పిల్ల ఒంటరిగా కనిపించినా తల్లి అక్కడే ఉంటుంది. చెట్టెక్కుదామనుకోకు, అది నీకంటే బాగా ఎక్కుతుంది. ఒకవేళ మీద పడేంత దగ్గరికొస్తే బోర్లా పడుకో. ముఖం నేలకు ఆనించి, రెండు చేతులూ మెడ వెనక గట్టిగా పెట్టుకో. వీపున బ్యాగు ఉంటే విప్పకు. అది పోయేదాకా కదలకు. గాయమైతే చిన్నదే కదా అని ఊరుకోవద్దు. నీళ్లతో, సబ్బుతో బాగా కడిగి, 108కి ఫోన్ చేసి ఆళ్లగడ్డ ఆసుపత్రికి వచ్చేయండి. రేబిస్, ధనుర్వాతం సూదులు వేయించుకోవాలి.

తిండి గురించి గట్టిగా చెప్తున్నా. అరటితొక్క, కొబ్బరిచిప్ప, ప్రసాదం పొట్లం ఏదీ అడవిలో పడేయొద్దు. శ్రీశైలంలో శిఖరేశ్వరం దగ్గరికి రాత్రిళ్లు ఎలుగులు కొబ్బరి కోసం వచ్చిన సంగతి పేపర్లలో చూసే ఉంటావు. మన తిండి రుచి మరిగిన ఎలుగు మనుషుల మధ్యకి వస్తుంది, జనం రాళ్లతో, కర్రలతో చుట్టుముడతారు. కళ్యాణదుర్గం వైపు కొండల్లో తిండి, నీళ్లు దొరక్క ఊళ్లలోకి వచ్చే ఎలుగుల్ని తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది, దాని ఇంటికి వెళ్లేది మనం.

ముందురోజు రాత్రికే ఆళ్లగడ్డ చేరుకోండి. మీ అత్త సద్దికి జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి కడతానంటోంది. ఎంతమంది వస్తున్నారో ముందుగా ఫోన్ చేసి చెప్పు.

మీ మామ