మీథేన్ లెక్కతో సముద్రానికి పనిలేదు

"కార్బన్ తగ్గించే విధానాలు సముద్రాలు ఆమ్లమయం కాకుండా నిజంగా ఆపగలవా?" అని అడిగారు. ఆపగలవు. కానీ ఇప్పుడు వేస్తున్న లెక్కలతో మాత్రం కాదు. నేను కెమిస్ట్రీ చెప్పే మాస్టారిని, ఈ విషయం మీద ఎవరైనా అడుగుతారా అని కాచుక్కూర్చున్నాను.

క్లాసులో ఒక ప్రయోగం చేయిస్తుంటాను. బీకరులో సముద్రపు నీళ్ళు పోసి, ఆమ్లం పెరిగేకొద్దీ నీలం నుంచి పసుపుకి మారే బ్రోమోథైమాల్ బ్లూ నాలుగు చుక్కలు వేస్తే నీలం రంగు వస్తుంది. అందులో స్ట్రా పెట్టి ఊదాలి. ఉప్పునీళ్ళు అంత తేలిగ్గా లొంగవు, వాటిలోని, ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ అడ్డుపడుతుంది. ఊదేవాడికి బుగ్గలు నొప్పెట్టాక నీలం కాస్తా ఆకుపచ్చ అవుతుంది, తర్వాత పసుపుకి తిరుగుతుంది. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దాకా ఉంటుంది మరి, బయటి గాలికి దాదాపు వంద రెట్లు. అది నీళ్ళలో కరిగితే ఆమ్లమవుతుంది. ఒకసారి ఒకమ్మాయి "మళ్ళీ నీలం అవుతుందా సార్?" అంది. అక్వేరియం పంపు తెచ్చి మామూలు గాలి బుడగలు వదిలాం. బెల్లు కొట్టేలోపే నీలం తిరిగొచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ పిల్ల మాత్రం వదల్లేదు: "గదిలో గాలే పాడైతే?"

సముద్రానికి వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలతలు మొదలైనప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315 పీపీఎం (పది లక్షల్లో 315 వంతులు), ఇప్పుడు 420 దాటింది. మనం వదిలేదానిలో దాదాపు పావు వంతు సముద్రమే మింగుతోంది. పారిశ్రామిక విప్లవానికి ముందు 8.2 దగ్గరున్న పైనీటి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) ఇప్పుడు 8.1కి వచ్చింది. చిల్లర తేడాలా కనిపిస్తుంది గానీ, ఆమ్లత్వానికి కారణమైన హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగాయి. దాంతో గుల్ల కట్టుకునే జీవులకు కావలసిన కార్బనేట్ తగ్గింది. 2007 ప్రాంతంలో అమెరికా పశ్చిమ తీరపు హేచరీల్లో ఆయిస్టర్ అనే గుల్లజీవి పిల్లలు కుప్పలుగా చచ్చిపోయాయి. తర్వాత ట్యాంకుల్లో ఆమ్లాన్ని విరిచే సోడా యాష్ కలిపి నెట్టుకొచ్చారు. ట్యాంకులో సరే, మహాసముద్రంలో ఎన్ని బస్తాలు పోస్తాం?

ఇక నా గోల. చాలా విధానాలు వాయువులన్నిటినీ కలిపి "కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన టన్నులు" అని ఒకే ఖాతాలో రాస్తాయి. వేడి సంగతికైతే అది న్యాయమే. కానీ నీటిని ఆమ్లంగా మార్చడంలో మీథేన్ పాత్ర నామమాత్రం. మీథేన్ తగ్గించి, బొగ్గు మాత్రం ఎప్పటిలాగే మండించే దేశానికి కాగితం మీద మార్కులు పడతాయి, సముద్రానికి ఒరిగేదేమీ లేదు. ఎండను తగ్గించడానికి ఆకాశంలో రేణువులు చల్లుదామనే వాళ్ళ పథకమూ అంతే. వేడి తగ్గొచ్చు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కడిదక్కడే.

ఓడల సంగతి మరీ విడ్డూరం. 2020 నుంచి ఇంధనంలో గంధకం 0.5 శాతం మించకూడదని అంతర్జాతీయ నిబంధన. మంచిదే. అయితే స్క్రబ్బరు, అంటే పొగను కడిగే యంత్రం, బిగించుకుంటే పాత నూనే వాడుకోవచ్చట! ఓపెన్ లూప్ రకం స్క్రబ్బరు పొగను సముద్రపు నీళ్ళతో కడిగి, ఆ ఆమ్లపు నీళ్ళను తిరిగి సముద్రంలోకే వదులుతుంది. గాలి శుభ్రమైందని పైగా సర్టిఫికెట్. ముందు దీన్ని నిషేధించాలంటాను.

లెక్కలు విడదీయడం కుదరదని ఎవరైనా అంటే న్యూజిలాండ్‌ని చూపించండి. 2019 చట్టంలో వాళ్ళు పశువుల నుంచి, చెత్త నుంచి వచ్చే మీథేన్‌కి ఒక లక్ష్యం, మిగతా వాయువులకి 2050 నాటికి నికరంగా సున్నా అని వేరే లక్ష్యం పెట్టుకున్నారు. సముద్రం మీద ప్రేమతో కాదులెండి, పశుపోషణ మీద బతికే దేశం కాబట్టి. ఏ కారణంతో చేసినా నాకు అభ్యంతరం లేదు.