బ్రిటన్‌లో వచ్చిన రాక్-మెటల్ పాటల ఛానల్ స్కజ్ టీవీని ఎందుకు మూసేశారు? మెటల్ (గిటార్లు, డ్రమ్ములు హోరెత్తించే రాక్) వినేవాళ్ళు తగ్గిపోవడం వల్లేనా?

వినేవాళ్ళు తగ్గడం వల్ల కాదండి. స్కజ్ ఆగిపోయింది 2018 నవంబరులో. అదే ఏడాది జూన్‌లో డోనింగ్టన్‌లో జరిగిన డౌన్‌లోడ్ అనే రాక్ సంగీతోత్సవానికి గన్స్ ఎన్ రోజెస్ బ్యాండు, గాయకుడు ఓజీ ఆస్బోర్న్ వచ్చారు, జనం బురదలోనైనా నిలబడి చూసే రకం. వినేవాళ్ళు ఉన్నారు. టీవీ పెట్టుకుని వినేవాళ్ళే లేరు. అందులో నా వాటా కూడా ఉంది, ఒప్పుకుంటాను.

నేను 2004లో ఎమ్మెస్సీకని ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్ళాను. ఐదుగురం తెలుగు కుర్రాళ్ళం, ఒక ఇల్లు, ఒక టీవీ. తలా కాస్త వేసుకుని స్కై అనే డిష్ టీవీ కనెక్షన్‌కి కట్టేవాళ్ళం. సంగీతం కోసం కాదు లెండి, క్రికెట్ కోసం. మ్యాచ్ లేనప్పుడు రిమోట్ నొక్కుకుంటూ పోతుంటే పాటల ఛానళ్ళ వరసలో స్కజ్ తగిలింది. ఆ మాటకి వాళ్ళ వాడుకలో మురికి, జిడ్డు అని అర్థం. పేరుకి తగ్గట్టే ఉండేది.

అప్పటికి దాని వయసు ఏడాదిన్నర. స్కై నడిపే బీస్కైబీ కంపెనీ వాళ్ళు 2003 ఏప్రిల్‌లో ఒకేసారి మూడు పాటల ఛానళ్ళు వదిలారు: పాప్‌కి ఫ్లాంట్, ఇండీ (పెద్ద కంపెనీల మూసకి దూరంగా ఉండే బ్యాండ్లు) తరహా వాటికి ది ఆంప్, రాక్-మెటల్‌కి స్కజ్. పోటీకి అప్పటికే కెరాంగ్ టీవీ ఉంది. 1981 నుంచి వస్తున్న రాక్ పత్రిక పేరు మీద ఈమ్యాప్ సంస్థ 2001లో పెట్టిన ఛానల్ అది. గిటార్ తీగల్ని ఒక్కసారి గట్టిగా మీటితే వచ్చే చప్పుడే ఆ పేరు. మావాళ్ళలో ఒకడు చాలాకాలం అదేదో చైనా పేరనుకున్నాడు. ఎంటీవీ టూ కూడా ఉండేది గానీ గిటార్ పట్టుకున్న ప్రతివాడినీ అందులో వేసేవాళ్ళు. నాకు తోచినంతలో కెరాంగ్ హిట్ పాటల్నే తిప్పి తిప్పి వేసేది, స్కజ్ మాత్రం అర్ధరాత్రి దాటాక అసలు సరుకు బయటపెట్టేది. అంతకుముందు తరం మెటల్ అభిమానులకి ఎంటీవీలో హెడ్‌బ్యాంగర్స్ బాల్ అనే రాత్రిపూట కార్యక్రమమే దిక్కు. రోజంతా ఇదే వచ్చే ఛానల్ అంటే వాళ్ళకి పండగే కదా.

నేను గోడౌన్‌లో పార్ట్‌టైం ముగించుకుని రాత్రి ఒంటిగంటకి వచ్చేవాణ్ణి. అందరూ పడుకుని ఉంటారు కాబట్టి సౌండు దాదాపు సున్నాకి తగ్గించి చూడాలి. మెటల్‌ని సౌండు లేకుండా చూడటం ఎలాంటిదంటే... సరే, వదిలేయండి. పాట మొదలయ్యేటప్పుడు తెర మూలన బ్యాండు పేరు, పాట పేరు, ఆల్బమ్ పేరు కొన్ని సెకన్లు కనిపించేవి. నోట్‌బుక్ తీసి, పెన్ను వెతుక్కునేలోగా మాయం. పాట చివర్లో మళ్ళీ ఒకసారి వేస్తారు, దానికోసం నిద్ర ఆపుకుని కాసుకు కూర్చోవాలి. రామ్‌స్టైన్, లాంబ్ ఆఫ్ గాడ్, సెపుల్చురా లాంటి బ్యాండ్లన్నీ ఆ నోట్‌బుక్‌లోకి అలా ఎక్కినవే. ఏ పాట వస్తుందో మన చేతిలో లేదు కాబట్టి, మనం ఎన్నడూ వెతకనివి కూడా చెవిన పడేవి.

ఒక ఆదివారం ఇంటాయన అద్దె కోసం వచ్చాడు. గుజరాతీ పెద్దమనిషి, ఉగాండా నుంచి వచ్చిన కుటుంబం. సరిగ్గా అప్పుడే స్లిప్‌నాట్ పాట ఒకటి నడుస్తోంది. మాస్కులేసుకున్న బ్యాండు ఒక ఇంట్లో వాయిస్తుంటే, అభిమానులు గుంపులుగా దూరి ఆ ఇంటిని పీకి పందిరేస్తుంటారు. ఆయన టీవీ వైపు చూశాడు, తర్వాత మా కిటికీ వైపు చూశాడు, మళ్ళీ టీవీ వైపు చూశాడు. డబ్బు లెక్కపెట్టుకోకుండానే జేబులో వేసుకుని, "బేటా, డిపాజిట్ సంగతి గుర్తుంది కదా" అని వెళ్ళిపోయాడు.

ఇక డబ్బు సంగతి. ఇలాంటి ఛానల్‌కి సీరియల్ తీసినంత ఖర్చుండదు. వీడియోలు రికార్డు కంపెనీలు తీసినవే, వరసగా పేర్చి వదలడమే. కానీ ప్రసారం చేసినందుకు వీడియోల హక్కుల రుసుం కట్టాలి, ఉపగ్రహంలో చోటుకి కట్టాలి, స్కై వాళ్ళ ఛానళ్ళ జాబితాలో నంబరుకి కట్టాలి. రాబడి ఎక్కువగా ప్రకటనల మీద. అప్పట్లో పాటల ఛానళ్ళని పోషించింది రింగ్‌టోన్ ప్రకటనలే అంటే అబద్ధం కాదు. 2005లో స్లేయర్ అనే మెటల్ బ్యాండు పాట అవ్వగానే క్రేజీ ఫ్రాగ్ అనే రింగ్‌టోన్ ప్రకటనలోని బొమ్మ కప్ప వచ్చి డింగ్ డింగ్ అనేది. చూసి చూసి మాకు పిచ్చెక్కింది, ఆ కప్ప పాటేమో బ్రిటన్ చార్టులో మొదటి స్థానంలో కూర్చుంది. ఇది చాలదన్నట్టు, రాత్రి తొమ్మిదిలోపు బూతులు వినపడకూడదని అక్కడ నిబంధన. పగటిపూట కొన్ని పాటల్లో మాటల కన్నా ఖాళీలే ఎక్కువ.

2005లో యూట్యూబ్ పుట్టింది. రెండు మూడేళ్ళలో నా నోట్‌బుక్‌కి పని లేకుండా పోయింది. ఒక సంగతి చెప్తాను. 2009 మార్చిలో, పాటల హక్కులు చూసే పీఆర్ఎస్ అనే సంస్థతో లెక్క తెగక, యూట్యూబ్ బ్రిటన్‌లో మ్యూజిక్ వీడియోలు ఆపేసింది. సెప్టెంబరు దాకా అదే పరిస్థితి. ఆ ఆరు నెలలు బుద్ధిగా స్కజ్ పెట్టుకున్నాను. వాళ్ళ మధ్య ఒప్పందం కుదిరిందని తెలిసిన రోజునుంచి మళ్ళీ యూట్యూబే. నాలాంటివాళ్ళు ఎన్ని లక్షలమందో లెక్క వేసుకోండి.

ఈలోగా ఛానల్ చేతులు మారుతూ పోయింది. స్కై దాన్ని చార్ట్ షో ఛానల్స్ వాళ్ళకి ఇచ్చేసింది. తర్వాత సీఎస్సీ మీడియా అని పేరు మార్చుకున్న ఆ కంపెనీని 2014లో సోనీ పిక్చర్స్ టెలివిజన్ 10 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి కొన్నది. కానీ ఆ మూటలో పిల్లల ఛానళ్ళున్నాయి, సినిమాలవి ఉన్నాయి. వాళ్ళ కన్ను వాటి మీదే ఉండేదని నా అనుమానం. స్కజ్ కట్నంతో పాటు వచ్చిన పాత బీరువా లాంటిది. నాలుగేళ్ళు మూలన ఉంచి, 2018 నవంబరు 15న తీసేశారు.

మిగతావీ ఎక్కువకాలం నిలవలేదు. ఎంటీవీ టూ 2010లో ఎంటీవీ రాక్స్‌గా మారి, 2020 జులైలో పోయింది. కెరాంగ్ టీవీ చివరికి ఛానల్ 4 చేతికి వచ్చింది, 2024 జూన్ ఆఖరున వాళ్ళు తమ మిగతా పాటల ఛానళ్ళతో కలిపి దాన్నీ ఆపేశారు. ఆ పత్రిక వేరేవాళ్ళ చేతిలో ఉంది కాబట్టి దాని పేరు మాత్రం ఇంకా నడుస్తోంది.

స్కజ్ పోయిన సంగతి నాకు ఆ రోజు తెలియనే తెలియదు. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేసి చాలా ఏళ్ళు. వారం తర్వాత మా లెస్టర్ గ్యాంగు వాట్సాప్ గ్రూపులో తెనాలి వాడు పెట్టాడు: "స్కజ్ ఎత్తేశార్రా. ఎవరైనా ఇంటాయనకి ఫోన్ చేసి చెప్పండి, ఇక కిటికీలకి ఏం భయం లేదని."