నాన్నగారి పాత డెస్క్‌టాప్‌లో ఏ లినక్స్ వేయాలి?

2025 అక్టోబరుతో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌కి 11 ఎక్కడం లేదు, నాన్నగారికి యూట్యూబ్, తెలుగు టైపింగ్, ప్రింట్లు ఉంటే చాలు అని అడిగారు. విండోస్ బదులు వేసుకునే లినక్స్‌లో చాలా రకాలున్నాయి, మీరు లినక్స్ మింట్ వేయండి. అందులో తక్కువ ర్యామ్‌తో నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. ర్యామ్ 8 జీబీ ఉంటే సినమన్ ఎడిషన్ చూడటానికి ఇంకా బాగుంటుంది.

మా బాబాయి రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయన సిస్టమ్‌లో మింటే వేశాను. కింద ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం, తెరిచిన విండోలన్నీ కింద పట్టీలో వరసగా కనిపిస్తాయి. విండోస్‌తో అలవాటైన చెయ్యి వెతుక్కోకుండా అక్కడికే పోతుంది. ఉబుంటు అనే ఇంకో లినక్స్ కూడా మంచిదే, మింట్ దాని మీద కట్టిందే. కానీ ఉబుంటు తెర అమరిక వేరు, పెద్దవాళ్లకు మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఒక్కో వెర్షన్‌కి సుమారు 13 నెలలే అప్‌డేట్లు వస్తాయి. మీరు వేరే ఊళ్లో ఉంటే ఏటా ఆ టెన్షన్ ఎందుకు? మింట్ 22కి 2029 దాకా వస్తాయి.

తెలుగు టైపింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మింట్‌లోని సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ (వేరే భాషల్లో టైప్ చేయించే ప్రోగ్రామ్), దాని ఎం17ఎన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి లాగౌట్ అయి రండి. ఐబస్ సెట్టింగ్స్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లాంటి కీబోర్డు లేఅవుట్లు కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉంటే ఆర్‌టీఎస్ పెట్టండి. బాబాయి పద్యాలన్నీ ఇప్పుడు వర్డ్ లాంటి లిబ్రెఆఫీస్‌లో అలాగే కొడుతున్నారు. అయితే నాన్నగారు అను ఫాంట్లతో డీటీపీ పని చేసేవారైతే మాత్రం విండోస్ తీసేయకండి. ఆ ఫైళ్లు యూనికోడ్‌లో (అన్ని సిస్టమ్‌లూ చదివే అక్షరాల పద్ధతిలో) ఉండవు, మింట్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి.

ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ బూట్ చేసి చూడండి. ఇన్‌స్టాల్ గుర్తు నొక్కేదాకా హార్డ్‌డిస్క్ జోలికి పోదు. వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయేమో చూసి, ఇంట్లో ఉన్న ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయండి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు వెంటనే పలుకుతాయి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లు డ్రైవర్ కోసం ప్రాణం తోడేస్తాయి. అది ముందే తెలియడం మంచిది.

ఇంకో మాట. ఏ లినక్స్ వేసినా బ్రౌజర్ తినే ర్యామ్ తగ్గదు. సిస్టమ్‌లో ఇంకా పాత హార్డ్‌డిస్కే ఉంటే, ఓఎస్ మార్చే ముందు దాని బదులు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (చాలా వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి. తేడా మొదటి బూట్‌లోనే తెలుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ ఒకటి వస్తుంది. అది సీ డ్రైవ్‌తో ఆగదు, అదే డిస్క్‌లో డీ డ్రైవ్ ఉంటే అందులోని ఫొటోలు కూడా పోతాయి. ముందు అవన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే ఆ బటన్ నొక్కండి.