పాత కారు బ్యాటరీని ఎవరికైనా అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. కారుకు కొత్త బ్యాటరీ వేయించినప్పుడు పాతదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. దుకాణదారు ఇస్తానన్న దానికంటే మా వీధిలోకి వచ్చే పాత సామాన్ల వ్యాపారి ఎక్కువ ఇస్తానంటున్నాడు. నా వస్తువు నేను అమ్ముకుంటే తప్పా? రిమోటు సెల్లులు చెత్తబుట్టలో వేయవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: బ్యాటరీ మీదే. కానీ పనికిరాకుండా పోయాక దాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది పూర్తిగా మీ ఇష్టం కాదు. 2001 నాటి నిబంధనలు సీసం బ్యాటరీలకే పరిమితం. వాటి స్థానంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు రిమోటు సెల్లు నుంచి విద్యుత్ వాహనం బ్యాటరీ దాకా అన్నింటికీ వర్తిస్తాయి. వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదనీ, పర్యావరణానికి హాని లేకుండా సేకరించే లేదా రీసైక్లింగ్ చేసే సంస్థకే ఇవ్వాలనీ అవి వినియోగదారుకు చెబుతున్నాయి.

‘నేనూ సేకరించేవాడినే’ అని ఆ వ్యాపారి అనవచ్చు. అయితే అది చివరికి ఎక్కడికి చేరుతుందో అడగండి. రీసైక్లింగ్ చేసేవారు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదై ఉండాలి. నమోదు లేని చోట బ్యాటరీని పగలగొట్టి, ఆమ్లాన్ని కాలువలో పోసి, సీసాన్ని బహిరంగంగా కరిగిస్తారు. ఆ పొగ, ధూళి చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. మీకు వచ్చే నాలుగు రూపాయల లాభానికి ఇంత మూల్యం ఉందని తెలిసీ అమ్మమని నేను చెప్పలేను.

ఇక శిక్ష మాటకొస్తే, ఈ నిబంధనలు 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కిందివి. 15వ సెక్షన్‌లో 2024 ఏప్రిల్ 1 నుంచి జైలు శిక్ష తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు. ఒక్క బ్యాటరీ అమ్మిన గృహస్థుడి మీద కేసు పెట్టడం నేనైతే చూడలేదు. అంతమాత్రాన అది చట్టసమ్మతం అయిపోదు.

సెల్లులకూ ఇదే నియమం. విడిగా డబ్బాలో దాచి, కొసలకు టేపు అంటించి, చెత్త బండివారికి వేరుగా అందించండి. గుండీ సెల్లులు పిల్లలకు అందకుండా చూడండి, మింగితే ప్రాణాపాయం.

మీరు చేయాల్సింది: బ్యాటరీని ఆ దుకాణానికే తీసుకెళ్లండి. పాతదానికి ఇంత ఇచ్చి తీరాలని నిబంధనల్లో లేదు; తిరిగి కొనే పథకం పెట్టుకోవచ్చని మాత్రమే తయారీదారులకు చెప్పారు. కాబట్టి బేరం మీరే ఆడుకోవాలి. ఎంత ఇచ్చినా కాగితం మీద రాయించుకోండి. కొత్త బ్యాటరీకి బిల్లు ఇవ్వకపోయి ఉంటే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.