పుస్తకం లేని మూడు గంటలు

చిరంజీవి చిన్నమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నువ్వు వచ్చే ఫిబ్రవరిలో ఎలక్ట్రానిక్స్‌లో ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాస్తున్నావని, దానికోసం ఉద్యోగం కూడా మానేశావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి పిల్లల్లో ఈ విద్య మీద మనసు పడినదానివి నువ్వొక్కదానివే. చాలా గర్వంగా అనిపించింది. ఆ తర్వాత మీ అమ్మ పంపిన ఫొటో చూశాను. గది గోడలన్నీ ఫార్ములాల కాగితాలే. మంచం తలాపున కూడా అతికించావు. అప్పటినుంచి నా మనసు కుదురుగా లేదు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చెయ్యి. సొంత కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు, తెర మీద కనిపించేదాన్నే మౌసుతో నొక్కాలి, కాబట్టి ఇప్పటినుంచే దానిమీద చెయ్యి తిప్పుకో. జనరల్ ఆప్టిట్యూడ్ 15 మార్కులను చిన్నచూపు చూడకు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న తప్పితే, ఒక మార్కుదానికి మూడో వంతు, రెండు మార్కులదానికి మూడింట రెండు వంతుల మార్కు కోస్తారు. సంఖ్య టైపు చేసే ప్రశ్నలకు ఆ కోత లేదు. వాటిని ఖాళీగా వదిలిపెట్టి రాకు.

ఇక అసలు మాట. “ఉద్యోగంలో అందరూ పుస్తకం చూసే పని చేస్తారు, పరీక్షలో మాత్రం అన్నీ ఎందుకు బట్టీ పట్టాలి” అని నువ్వు విసుక్కుంటున్నావట. నీ మాటలో సగం న్యాయం ఉంది. ఆ సగాన్ని నేనే ముందు ఒప్పుకుంటాను. మా రోజుల్లో పరీక్ష హాల్లో లాగరిథం పట్టికలు ఇచ్చేవారు. అందులోని అంకెలు బట్టీ పట్టమని ఏ మాస్టారూ అడగలేదు. కానీ నువ్వు రాసే పరీక్షలో మూడు గంటల్లో 65 ప్రశ్నలు. ఒక్కోదానికి మూడు నిమిషాలు కూడా దొరకవు. పుస్తకం ఇచ్చినా ఎప్పుడు తిప్పుతావు? తిప్పాల్సి వచ్చినవాళ్లు అప్పటికే వెనకబడ్డట్టు. అయితే దానికి విరుగుడు గోడలు నింపడం కాదు. ఇది నేను కోపంగానే రాస్తున్నాను.

హైదరాబాదులో నేను పనిచేసిన చోట ఒక కుర్రాడు ఉండేవాడు. డిప్లొమాలో మొదటివాడు. జ్ఞాపకశక్తి చూస్తే ఆశ్చర్యం వేసేది. 741 అనే ఐసీ చిప్పుకు రెండో కాలు (పిన్ను) ఏమిటి, ఆరో కాలు ఏమిటి అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఒక్కో ఐసీ వివరాలు అచ్చువేసిన డేటా బుక్కులు బల్ల పక్కనే అరలో ఉండేవి. వాటిని తెరిచేవాళ్లను చూసి అతనికి జాలి. ఒక రోజు అతనికి ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల సప్లై కట్టే పని అప్పగించారు. ప్లస్ వైపు వోల్టేజీని నిలకడగా ఉంచే 7812 రెగ్యులేటరు ఐసీ. దాని కాళ్లు వరసగా ఇన్‌పుట్, గ్రౌండ్, ఔట్‌పుట్. అది అతనికి కంఠతా వచ్చు. మైనస్ వైపు 7912. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. అదే వరసలో అతికించేశాడు. కానీ 7912లో మొదటి కాలు గ్రౌండ్, రెండోది ఇన్‌పుట్. స్విచ్ వేయగానే ఐసీ పోయింది. ఐసీయే చెడ్డదనుకుని ఇంకొకటి వేశాడు. అదీ పోయింది. అప్పటికి కాని అతని చెయ్యి పుస్తకం మీదికి పోలేదు.

అక్కడితో అయిపోయిందనుకోకు. పుస్తకం తెరిచి కాళ్ల బొమ్మ మాత్రమే చూసి మూసేశాడు. వీపున ఉండే లోహపు రేకు సంగతి చదవలేదు. 7812లో ఆ రేకు గ్రౌండుకు కలిసి ఉంటుంది కాబట్టి నేరుగా పెట్టె అడుగుకు మర బిగించినా ఫరవాలేదు. 7912లో అది ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. మధ్యలో కరెంటు పారనివ్వని మైకా రేకు పెట్టకుండా, మరకు ప్లాస్టిక్ బుష్ వేయకుండా బిగిస్తే మైనస్ వోల్టేజీ మొత్తం గ్రౌండు మీద షార్టు. ఈసారి కాళ్లన్నీ సరిగ్గా ఉన్నాయి, ఫ్యూజు మాత్రం ఎన్నిసార్లు మార్చినా ఎగిరిపోతూనే ఉంది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతున్న వాసన వచ్చాక మా పెద్ద ఇంజనీరు వచ్చి ప్లగ్గు పీకేశారు. ఆయన తిట్టలేదు. ఆ పేజీ తెరిచి, ఆ కుర్రాడి చేతనే పైకి చదివించారు. ముప్ఫయ్యేళ్ల అనుభవం ఉన్న ఆయన కొత్త ఐసీ దేన్నీ పేజీ తెరవకుండా ముట్టుకునేవారు కాదు.

నా భయం నీ ర్యాంకు గురించి కాదమ్మా. ఈ కొన్ని నెలలు బట్టీ పట్టడం అలవాటై, రేపు బల్ల ముందు కూర్చున్నప్పుడు పుస్తకం తెరవడం నామోషీ అనిపిస్తుందేమోనని. కాళ్ల వరస, గరిష్ఠ వోల్టేజీ, ఎంత వేడికి ఆగుతుంది, ఇవి తలలో పెట్టుకోవాల్సినవి కావు. ఎప్పటికీ కావు.

మరి పరీక్షకు తలలో ఏం ఉండాలి? ఫార్ములా పక్కన దాని షరతు. నీ గోడ మీది కాగితాలను ఫొటోలో పెద్దది చేసి చూశాను. మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ సంతృప్త కరెంటు ఫార్ములా ఎర్ర సిరాతో రాశావు. డ్రెయిన్ వోల్టేజీ VDS విలువ, గేటు వోల్టేజీ VGS లోంచి ఆరంభ వోల్టేజీ VT తీసేయగా వచ్చినదానికన్నా తక్కువ కాకూడదని ఎక్కడా రాయలేదు. ఆప్ ఆంప్ అనే యాంప్లిఫయరు ఐసీకి రెండు ఇన్‌పుట్లూ సమానం అని రాశావు. నెగటివ్ ఫీడ్‌బ్యాక్, అంటే అవుట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు తిప్పి కలపడం, ఉంటేనే అని రాయలేదు. అవుట్‌పుట్‌ను ప్లస్ ఇన్‌పుట్‌కే తిప్పి కలిపిన ష్మిట్ ట్రిగ్గర్ సర్క్యూట్ ఇస్తే అదే వాడేసి మార్కు పోగొట్టుకుంటావు. ఒక సిగ్నల్ చివరికి ఏ విలువ దగ్గర స్థిరపడుతుందో చెప్పే తుది విలువ సిద్ధాంతం కూడా అంతే. 1/(s²+1)కి దాన్ని వాడితే సున్నా వస్తుంది. నిజానికి అది సైన్ తరంగం, ప్లస్ ఒకటికీ మైనస్ ఒకటికీ మధ్య ఊగుతూనే ఉంటుంది, ఎక్కడా స్థిరపడదు. ప్రశ్నలు అడిగేవాళ్లకు ఈ గుంటలన్నీ తెలుసు. సరిగ్గా అక్కడే ప్రశ్న పెడతారు.

ఫార్ములా మీద అనుమానం వస్తే అంచుల దగ్గర పరీక్షించు. తీగ చివర తరంగం ఎంత వెనక్కి తిరుగుతుందో చెప్పే ప్రతిఫలన గుణకంలో పైన ZL (చివరి లోడు) ముందా, Z0 (తీగ సొంత ఇంపిడెన్సు) ముందా అని తడబడితే, చివర షార్టు చేసినట్టు ఊహించు. మైనస్ ఒకటి రావాలి. తెరిచి ఉంచితే ప్లస్ ఒకటి రావాలి. పది సెకన్ల పని. గది ఉష్ణోగ్రత దగ్గర kT/q, అంటే థర్మల్ వోల్టేజీ, సుమారు 26 మిల్లీవోల్టులని ఒక్కటి గుర్తుంటే, ఒక మిల్లీ ఆంపియరు దగ్గర ట్రాన్సిస్టర్ gm (ట్రాన్స్‌కండక్టెన్సు) ఎంతో నువ్వే తీసుకోగలవు. ఇలాంటి మూలాలు కొన్ని చాలు.

నీకు ఇది రాదని కాదు. చిన్నప్పుడు సెలవుల్లో మా ఇంటికి వచ్చి నా రెసిస్టర్ల డబ్బా అరుగు మీద బోర్లించేదానివి. పసుపు, ఊదా, ఎరుపు కనిపిస్తే 4.7 కిలో ఓములని నీ అంతట నువ్వే చెప్పేదానివి. ఎవరూ బట్టీ పట్టించలేదు. మీ పెద్దమ్మ అన్నం కలిపి పిలుస్తున్నా కదిలేదానివి కాదు. ఇప్పుడు కూడా అన్నం వేళకు లేవడం లేదని మీ అమ్మ చెప్పింది. అది నాకు నచ్చలేదు. వేళకు తిను. పదకొండు దాటాక దీపం ఆర్పెయ్యి.

ఉద్యోగం మానేశానన్న దిగులు లోపల పెట్టుకోకు. స్కోరు ఫలితాలు వచ్చిన నాటినుంచి మూడేళ్లు చెల్లుతుంది. డబ్బు సంగతి మీ నాన్నతో మాట్లాడాను, నువ్వు అడగాల్సిన పని లేదు.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఫోను చెయ్యి. విద్యుదయస్కాంతంలో ఎక్కడ ఆగిపోయావో చెబితే, కాగితం దగ్గర పెట్టుకుని ఇద్దరం కలిసి చేద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న