కొడుక్కి ఏమని చెప్పాలి?

ప్రశ్న: మేడం, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఎస్సీలం. కొడుకు నల్లగొండల డిగ్రీ సదువుతుండు. పొద్దుగూకక ముందే ఇల్లు చేరాలె, పెద్దోళ్ల వాడకెళ్లి హారన్ కొట్టుకుంట రావద్దు, ఆడపిల్లలతోని దిగిన ఫొటోలు స్టేటస్‌ల పెట్టొద్దు అని రోజూ చెప్తా. అట్లాంటాల ఉన్న మా ఆడబిడ్డ కొడుకు ఫోన్ల ఒక ముచ్చట చెప్పిండు. పక్కింటి నల్లజాతామె కొడుక్కి కారు నేర్పుకుంట, పోలీసులు ఆపితే రెండు చేతులు స్టీరింగ్ మీదనే ఉంచు, అడగకుంట జేబుల చెయ్యి పెట్టకు అని మళ్లమళ్ల చెప్పిందట. నా అసొంటి తల్లే అనిపించింది. మావోడేమో "నన్ను పిరికోణ్ణి చేస్తున్నవ్ అమ్మా" అంటుండు. చెప్పాల్నా, ఊకోవాల్నా?
– ఒక తల్లి

జవాబు: చెప్పాలి అక్కా. మీ భయం ఊరికే పుట్టలేదు. 2018 సెప్టెంబరు 14న మీ మిర్యాలగూడలోనే, పైకులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడని ప్రణయ్ అనే దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య పక్కన ఉండగానే పట్టపగలు నరికి చంపారు. నల్లగొండ కోర్టు తీర్పుకు 2025 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ నల్లజాతి తల్లి భయమూ అలాంటిదే. 2014లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పార్కులో 12 ఏళ్ల నల్లజాతి పిల్లవాడు తమీర్ రైస్ దగ్గర ఉన్నది బొమ్మ తుపాకీ. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే కాల్చేశారు. చేతులెత్తే వ్యవధి ఏది? 2012లో అక్కడే జాక్సన్‌విల్ నగరంలో 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడు జోర్డాన్ డేవిస్ పెట్రోలు బంకు దగ్గర స్నేహితులతో కారులో కూర్చున్నాడు. పాటల మోత ఎక్కువైందని గొడవపడి ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. తల్లి ఏ జాగ్రత్త చెబితే ఆ పిల్లలు బతికేవాళ్లు? అందుకే జాగ్రత్త చెప్పే నోటితోనే "తప్పు నీది కాదు నాయనా, వాళ్లది" అని కూడా చెప్పండి. ఆ మాట వినబడకనే మీవాడికి కోపమొస్తోందని నాకనిపిస్తోంది.

హారన్లు, ఫొటోల సంగతి తగ్గించండి. ఎవరైనా బెదిరిస్తే మాత్రం ఇంట్లో దాచొద్దని చెప్పండి. ఫోన్ నంబరు, తేదీ, అన్న మాట అన్నట్టే నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మెసేజ్ తీసేయొద్దు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి, ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి, దానికి పైసా కట్టక్కర్లేదు. 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసయితే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. స్టేషన్‌లో పట్టించుకోకపోతే 14566 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఆ నంబరు మీ ఫోన్లోనూ, వాడి ఫోన్లోనూ ఇవాళే ఎక్కించుకోండి.

ఇంకోటి. ఈ మాటలు వాళ్ల నాన్ననూ కూర్చోబెట్టి చెప్పించండి. తల్లి ఒక్కతే రోజూ గడప దగ్గర నిలబడి చెప్తుంటే పిల్లలకు అది సతాయింపులాగే వినబడుతుంది.